ఫ్లెక్స్ షాపులో చేసిన పని పోర్ట్‌ఫోలియోలో పెట్టొచ్చా?

కావలి అమ్మాయి:
అందరికీ నమస్తే. బీకామ్ అయ్యాక ఏడాదిన్నరగా ఒంగోలులో ఒక ఫ్లెక్స్ షాపులో డిజైనర్‌గా చేస్తున్నా. రోజంతా పుట్టినరోజు ఫ్లెక్సులు, నాయకులకు స్వాగతాలు, ఓణీల ఫంక్షన్ బ్యానర్లు, పెళ్లికార్డులు, అప్పుడప్పుడు రొయ్యల మేత డీలర్ల కరపత్రాలు. ఫోటోషాప్, కోరల్‌డ్రా బాగా వచ్చు, ఇలస్ట్రేటర్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా. హైదరాబాదులో ఉద్యోగాలకు పెడదామంటే రెజ్యూమేలో ఏం రాయాలో తోచట్లేదు. డిజైనర్లు తమ పనులు పెట్టుకునే బిహాన్స్ వెబ్‌సైట్ తెరిస్తే అన్నీ కాఫీ బ్రాండ్లు, యాప్ స్క్రీన్లు, టెన్షన్ వచ్చేస్తోంది. మొన్న ఒక ఇంటర్వ్యూలో నా ఫోల్డర్‌లోని నలభై ఫ్లెక్సులూ చూసి "ఇవి కాక ఇంకేమున్నాయమ్మా" అన్నారు, నోట మాట రాలేదు. పోర్ట్‌ఫోలియోలో, అంటే చేసిన పనుల నమూనాల్లో, ఈ పని చూపించాలా, దాచాలా?

నెల్లూరు అన్న, ఇప్పుడు బెంగళూరులో:
దాచొద్దు చెల్లీ. నేనూ నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ప్రెస్సులోనే మొదలుపెట్టా, ఇప్పుడు మా ఆఫీసుకు వచ్చే కొత్తవాళ్ల పోర్ట్‌ఫోలియోలు నేనే చూస్తా. తప్పల్లా నలభై పెట్టడమే. ఆరో ఏడో చాలు, కానీ ఒక్కోదాని వెనక నువ్వేం ఆలోచించావో కనపడాలి. ఆ మేత కరపత్రమే తీసుకో: డీలర్ ఏం రాసిచ్చాడు, నువ్వు మొదట ఎలా వేశావు, ఆయన ఏం మార్చమన్నాడు, చివరికి ఏది అచ్చయింది, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి కింద మూడు వాక్యాలు రాయి. నాకైతే పది ఫ్లెక్సుల కంటే ఇదే ఎక్కువ చెబుతుంది. ఇంకో రెండు సొంతంగా చెయ్యి. ఉదయగిరి చెక్క గరిటెలకు డబ్బా, లేబుల్ చేసి చూడు, లేదా వెంకటగిరి చీరకు ట్యాగ్. ఎవరూ అడగకుండా చేసినవి కాబట్టి "ప్రాక్టీసు" అని స్పష్టంగా రాయాలి, నిజం క్లయింటు అన్నట్టు పెడితే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

డీటీపీ అక్క, కందుకూరు:
తెలుగు అక్షరాల మీద నీకున్న చెయ్యి బయటివాళ్లకు లేదమ్మా, దాన్ని ముందు పెట్టు. షాపులో అను ఫాంట్లు వాడుతుంటావు కదా, అవి యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా అక్షరాలు సరిగ్గా వచ్చే పద్ధతి) కావు, ఆ మ్యాటర్ వెబ్‌సైట్‌లో పేస్ట్ చేస్తే చెత్త అక్షరాలు వస్తాయి. కంపెనీల్లో యూనికోడ్ అడుగుతారు. రామభద్ర, మండలి, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటితో ఒక పోస్టర్ చెయ్యి. పాత ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతే ప్రిఫరెన్సెస్‌లో టైప్‌లోకి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకో. పంపేముందు "లక్ష్మి", "స్త్రీ" లాంటి మాటలు జూమ్ చేసి చూడు, ఒత్తు ఊడితే అక్కడే పరువు పోతుంది.

ఒంగోలు నుంచి ఇంకొకరు:
రెజ్యూమే ఒక్క పేజీ. ఫోటోషాప్ 90 శాతం, కోరల్ 80 శాతం అని గీతలు గీయకండి, దేనిలో 90 అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. దాని బదులు "విజిటింగ్ కార్డు, కరపత్రం సీఎంవైకేలో, 300 రిజల్యూషన్‌తో, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ పెట్టి ప్రింటుకు పంపగలను" అని రాయండి (సీఎంవైకే అంటే ప్రింటుకు వాడే నాలుగు రంగుల పద్ధతి, 300 అంటే అంగుళానికి 300 చుక్కలు, బ్లీడ్ అంటే కోసినప్పుడు అంచు తెల్లగా మిగలకుండా బయటికి పెంచే డిజైన్), కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్లలో చాలామందికి ఇది చేతిలో ఉండదు. పీడీఎఫ్‌లో అక్షరాలు మౌస్‌తో సెలెక్ట్ అవ్వాలి, మొత్తం బొమ్మగా సేవ్ చేస్తే కంపెనీల సాఫ్ట్‌వేర్ చదవలేకపోవచ్చు. పోర్ట్‌ఫోలియో లింకు పైనే, పేరు కిందే. ఇంకోటి, ఓణీల ఫంక్షన్ బ్యానర్లలో ఆ పిల్లల ఫోటోలు ఇంటివాళ్లను అడక్కుండా నెట్‌లో పెట్టొద్దు, ఫోటో తీసేసి లేఅవుట్ మాత్రం చూపండి. షాపు ఓనరుకూ ఒక మాట చెప్పండి.

కావలి అమ్మాయి:
అన్నా, అక్కా, అందరికీ చాలా థ్యాంక్స్. డీలర్ పంపిన వాట్సాప్ మెసేజ్ ఇంకా ఫోన్‌లోనే ఉంది: "ఫోన్ నంబర్ పెద్దదిగా వెయ్యమ్మా, చెరువు గట్టు మీద రైతుకు కంటికి ఆనాలి." ఆయన్ని అడిగి దాన్నే మొదటి పేజీలో పెడతా. ఆదివారం షాపు సెలవు, ఆ రోజు కూర్చుని ఉదయగిరి గరిటెల లేబుల్ మొదలుపెడతా, అయ్యాక ఇక్కడే పెడతాను, తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.