అప్‌డేట్: బుక్ చేశాక తగ్గిన క్రూజ్ ఛార్జీ, తేడా వెనక్కి వచ్చింది

క్రూజ్ ఓడలో బాల్కనీ క్యాబిన్ (బాల్కనీ ఉన్న గది) తీసుకున్న మూడు వారాలకే దాని ధర తగ్గింది, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా. జవాబిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. పనిచేసింది ఒక్కటే: ఫైనల్ పేమెంట్ గడువు దాటకముందే, బుక్ చేసిన ఏజెంటు చేతే కొత్త రేటు వేయించడం. ఏజెంటు బుకింగ్‌ను క్రూజ్ కంపెనీ నేరుగా మార్చలేదు, అక్కడికి చేసిన ఫోన్లన్నీ వృథా.

సరే అనేముందు ఒకటి చూసుకోండి. తక్కువ రేటు ఒక్కోసారి 'గ్యారంటీ' క్యాబిన్‌ది. అంటే గది నంబర్ వాళ్లిష్టం, ఎంచుకున్న చోటు పోతుంది. నాది అదే కేటగిరీ, అదే నంబర్. పాత ఆఫర్‌లోని ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి ఇచ్చే మొత్తం) మాత్రం పోయింది, అయినా తగ్గింపు అంతకు రెట్టింపు.

రద్దు చేసి మళ్లీ బుక్ చేయడం కుదరలేదు, డిపాజిట్ నాన్‌రిఫండబుల్. బ్రౌజర్ కుకీల వల్ల ధర మారుతుందనుకోవద్దు, వాటికీ దీనికీ సంబంధమే లేదు.