కొండ గోరింకలను రెండుసార్లు లెక్కపెట్టకుండా ఎలా?

మందస మాస్టారు:
మహేంద్రగిరి వైపు కొండల్లో మూడు వారాలుగా నేనూ, ఇద్దరు ఇంటర్ పిల్లలూ కొండ గోరింకలను లెక్కపెడుతున్నాం. ఊళ్లో తిరిగే గోరింక కాదు. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, తల వెనక పసుపుపచ్చని తోలు మడతలు, ఎగిరితే రెక్కలో తెల్ల పట్టీ. మొన్న ఆదివారం గెడ్డ దాటాక జువ్విచెట్టు మీద ఆరు కనిపించాయి. అరగంటకి పై గట్టు మీద ఐదు. పదకొండు అని రాసుకున్నాను. ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది, కిందివే పైకి వెళ్లాయేమోనని. ఎక్కువ రాస్తే "బాగానే ఉన్నాయిలే" అని అందరూ ఊరుకుంటారు. అదే నా టెన్షన్. ఫోన్లో కూత వినిపిస్తే దాక్కున్నవీ బయటికొస్తాయని పిల్లలు అంటున్నారు. చేయొచ్చా?

సాలూరు నుంచి:
కూత వద్దు మాస్టారూ. ఎక్కడో ఉన్నవి మీ దగ్గరికి వచ్చేస్తాయి, లెక్క తప్పుతుంది. గూళ్ల కాలంలో అయితే జంట తొర్ర వదిలి మీ చుట్టూ తిరుగుతుంది, పాపం.

ఆ రోజుకి "కనీసం ఆరు" అని రాయండి. మీరు ముగ్గురున్నారు కదా, ఒకరు జువ్విచెట్టు దగ్గర, ఒకరు గట్టు మీద ఒకే టైముకి నిలబడండి. ఎన్ని, ఎన్ని గంటలకి, ఎంత దూరంలో, ఏ దిక్కుకి ఎగిరాయి అన్నది అక్కడే రాసుకుంటే సాయంత్రం రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. నిలబడే చోట్లు ముందే ఖాయం చేసుకోండి. పళ్లున్న చెట్ల కిందే నిలబడితే కొండంతా గోరింకలే అనిపిస్తుంది.

పిట్ట కనిపించని చోట సున్నా తప్పక రాయండి. మొదటి ఏడాది నేను రాయలేదు. మరుసటి ఏడు పిట్టలు తగ్గాయో, అంతకుముందు ఆ చోటికి అసలు వెళ్లలేదో తేల్చుకోలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సవర కుర్రాడు:
మాస్టారూ, చెట్టు జాడ మాత్రం ఎక్కడా పెట్టకండి. మా ఊరి పక్కన ఎండిన మద్దిచెట్టు తొర్రలో ఏటా ఒక జంట ఉండేది. ఎవరో ఫొటో తీసి, లొకేషన్‌తో సహా గ్రూపులో పెట్టారు. వేసవిలో వెళ్లి చూస్తే తొర్ర నోరు గొడ్డలితో వెడల్పు చేసి ఉంది. కింద పచ్చి వాసన పోని చెక్కపేళ్లు, రెండు నల్ల ఈకలు. గోరింక పిల్లల్ని పట్టుకుపోయారు. మనిషి మాట పలుకుతుందనే కదా పంజరంలో పెడతారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరమని మా ఊళ్లో సగం మందికి తెలియదు.

మందస మాస్టారు:
పదకొండు కొట్టేసి ఆరు రాశాను. జువ్విచెట్టు ఫొటోలు పిల్లల ఫోన్లలోంచి తీయించాను. ఆదివారం నేను గట్టు మీద, వాళ్లిద్దరూ కింద.