నీతిశాస్త్రాన్ని కాలేజీలో పేపరుగా పెట్టి మార్కులు వేయాలా?

పాఠాల పంతులు:
డిగ్రీ విద్యార్థులందరికీ నీతిశాస్త్రం తప్పనిసరి చేద్దామని మా దగ్గర ప్రతిపాదన వచ్చింది. ఒక సెమిస్టరు పాఠాలు, చివర రాతపరీక్ష, మిగతా పేపర్లలాగే మార్కులు. నేను చెప్పేది ఈ సబ్జెక్టే కాబట్టి ఎగిరి గంతేయాలి. తప్పనిసరి చేయడం వరకూ సరే గానీ, ఆ మూడు గంటల పరీక్షే నాకు మింగుడుపడటం లేదు. మీరేమంటారు? ఒక్క మనవి: "నీతి ఇంట్లో నేర్పాలి" అని ఒక ముక్క రాసి వెళ్లిపోకండి. రోగి చెప్పిన రహస్యాన్ని డాక్టరు ఎప్పుడు బయటపెట్టొచ్చు, ప్రయోగంలో పొసగని రీడింగుని ఏం చేయాలి లాంటివి ఏ ఇంట్లోనూ నేర్పరు.

శంకాపరుడు:
పంతులుగారూ, పరీక్ష సంగతి తర్వాత. పాఠం వింటే మనిషి మారతాడా లేదా అన్నది ముందు తేలాలి. 1973లో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రిన్‌స్టన్‌లో, మతబోధకులు కాబోతున్న విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. పక్క భవనానికి వెళ్లి ప్రసంగించాలని పంపారు. దారిలో ఒకతను మూలుగుతూ ఉంటాడు (అతన్ని పెట్టింది వాళ్లే). తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం ఏదో ఒక సాయం చేశారు. "ఆలస్యమైపోయింది, పరుగెత్తు" అని పంపినవాళ్లలో 10 శాతమే. వాళ్లలో కొందరు చెప్పబోయే ప్రసంగం దేని మీదో తెలుసా? దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ మీద!

అంతెందుకు, ష్విట్జ్‌గెబెల్, రస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు నీతిశాస్త్ర ప్రొఫెసర్లనే పరిశీలించారు. మాంసం తినడం తప్పు అనేవాళ్లు మిగతా ప్రొఫెసర్లలో కంటే వాళ్లలోనే ఎక్కువ. భోజనం దగ్గరికొచ్చేసరికి మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. చెప్పేవాళ్లకే ఒంటబట్టనిది వినేవాళ్లకి ఎక్కడ పడుతుంది?

లెక్కల పిచ్చి:
సగం కథే చెప్పారు మీరు. అదే ష్విట్జ్‌గెబెల్, కోకెలెట్, పీటర్ సింగర్‌లతో కలిసి 2020లో ఇంకో అధ్యయనం ప్రచురించారు. 1,332 మంది విద్యార్థుల్లో సగం మంది మాంసాహారం న్యాయమేనా అన్నదాని మీద, మిగతా సగం దానధర్మాల మీద వ్యాసం చదివి చిన్న చిన్న బృందాల్లో చర్చించారు. ఆ తర్వాత వాళ్లలో కొందరు క్యాంపస్‌లో తిండికి కట్టిన బిల్లులు తీశారు. మొదటివాళ్ల కొనుగోళ్లలో మాంసం వాటా 52 నుంచి 45 శాతానికి దిగింది. రెండోవాళ్లది 52 దగ్గరే ఉంది. "ఏం చేస్తావు?" అని అడిగి జవాబు రాసుకున్న లెక్క కాదిది, జేబులోంచి కట్టిన డబ్బు లెక్క.

శంకాపరుడు:
ఏడు పాయింట్లు. అదీ భోజనం విషయంలో, అదీ పాఠం విన్న కొత్తలో. పదేళ్ల తర్వాత లంచం ముందు కూర్చున్నప్పుడు ఏం చేస్తారో ఆ బిల్లులు చెప్పవు కదా.

రెండో బెంచీ:
నేను ఈ పేపరు రాసి పాసైనవాణ్ణి. "మీ మిత్రుడు పరీక్షలో కాపీ కొడుతుండగా చూశారు, ఏం చేస్తారు?" పది మార్కుల ప్రశ్న. "మొదట మిత్రునికి నచ్చజెప్పెదను, వినని యెడల అధికారుల దృష్టికి తీసుకొని వెళ్లెదను" అని క్లాసంతా ఒకే గైడులోంచి బట్టీపట్టి రాశాం. కొందరు అది కూడా పక్కవాడి పేపర్లో చూసి రాశారు. మార్కులు బాగానే పడ్డాయి లెండి.

మంచిమాట:
పరీక్షకి ముందు బైబిల్లోని పది ఆజ్ఞలు గుర్తు చేసుకోమంటే మోసం తగ్గిందని ఏదో అధ్యయనం ఉంది కదా? అలాంటిది చాలేమో.

లెక్కల పిచ్చి:
అది 2008 నాటిది అండీ. 2018లో చాలా ప్రయోగశాలలు కలిసి మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. దయచేసి దాన్ని వదిలేద్దాం.

బోల్టూ నట్టూ:
నేను ఇంజనీర్ని. శంకాపరుడు గారి ప్రశ్నకి నాకు తోచిన జవాబు 1986 జనవరి 27 రాత్రి జరిగిన ఫోన్ సమావేశంలో ఉంది. మర్నాడు చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగం. చలికి రాకెట్‌లోని ఓ-రింగులు (అతుకుల్ని మూసి ఉంచే రబ్బరు వలయాలు) బిగుసుకుపోతాయి, ఆపండి అని రోజర్ బోజోలీ, ఇంకొందరు ఇంజనీర్లు గట్టిగానే చెప్పారు. ఆ రాకెట్ తయారుచేసిన వాళ్ల కంపెనీ కూడా మొదట వద్దనే అంది. నాసా అధికారులు రుసరుసలాడాక కాసేపు విరామం తీసుకున్నారు. ఆ విరామంలో ఒక పై అధికారి, ఇంజనీరింగ్ విభాగం పెద్దతో "ఇంజనీరు టోపీ తీసేసి మేనేజరు టోపీ పెట్టుకో" అన్నాడు. నిర్ణయం మారింది. ఏడుగురు చనిపోయారు.

అక్కడ ఎవరికీ మంచీచెడూ తెలియక కాదు. కానీ ఆ రాత్రి ప్రశ్నే తలకిందులైంది గమనించండి. మామూలుగా "సురక్షితమని నిరూపించు, ఎగరేద్దాం" అంటారు. ఆ రోజు "సురక్షితం కాదని నిరూపించు, ఆపుతాం" అన్నారు. ఇంజనీర్ల దగ్గర అంత పక్కా రుజువు లేదు. "నిరూపించాల్సింది మేం కాదు, మీరు" అని అప్పటికప్పుడు అనగలగడం ఉంది చూశారూ, అదీ నేర్పాల్సింది. అది నేర్చుకుంటే వస్తుంది. బోజోలీ తర్వాత కాలేజీలు తిరిగి ఇంజనీరింగ్ పిల్లలకి ఈ కథే చెప్పాడు.

పాఠాల పంతులు:
జేమ్స్ రెస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నైతిక ప్రవర్తనని నాలుగు ముక్కలు చేశాడు: ఇక్కడొక నైతిక సమస్య ఉందని పసిగట్టడం, ఏది సరైనదో తేల్చుకోవడం, దాన్ని మిగతా లాభాలకంటే ముందు పెట్టడం, చివరిదాకా నిలబడటం. రాతపరీక్ష కొలిచేది రెండోదాన్నే, అదీ గైడు మార్కెట్లో లేకపోతే. రెస్ట్ సహచరులతో కలిసి 55 అధ్యయనాలను క్రోడీకరించి 1985లో ప్రచురించాడు. చిక్కు సమస్యల మీద చర్చలు పెడితే నైతిక తర్కం కొంత పెరుగుతుందని తేలింది. చిత్రమేమిటంటే మూడు నుంచి పన్నెండు వారాలు సరిపోతాయి, అంతకుమించి సాగదీస్తే అదనంగా ఒరిగేదేమీ కనబడలేదు. మూడు వారాలకంటే తక్కువైతే మాత్రం దండగ.

కాబట్టి నేను అడిగేది ఇదీ: ఎనిమిది వారాలు, పరీక్ష వద్దు. సగం తరగతులు చర్చకి, సగం నటించి చూపడానికి. "నువ్వు ఆపమనాలని తేల్చుకున్నావు, ఎదురుగా నీ బాస్ ఉన్నాడు, మాట్లాడు" అంతే. మార్కులు వేయక తప్పదంటే ఒక్కదానికి వేస్తాను: అవతలివాడి వాదనని, ఆ అవతలివాడే "అవును, నేను అన్నది ఇదే" అనేలా చెప్పగలిగితే.

రెండో బెంచీ:
సార్, మార్కులు లేకపోతే సగం మంది క్లాసుకే రారు. మీకు తెలియనిదా!

శంకాపరుడు:
వచ్చినా చిక్కే. సెక్షన్‌కి నూట ఇరవై మంది ఉంటే, బాస్ ముందు నిలబడే వంతు ఒక్కొక్కడికి ఎన్నిసార్లు వస్తుంది? చివరికి మైకు పట్టుకుని మీరొక్కరే మాట్లాడతారు.

పాఠాల పంతులు:
హాజరు తప్పనిసరి చేద్దాం, మార్కులు వద్దు. ముగ్గురేసి జట్లు: ఒకరు మాట్లాడాలి, ఒకరు బాస్, మూడోవారు రాసుకోవాలి. ఇరవై నిమిషాల్లో అందరి వంతూ అయిపోతుంది. మైకు నాకక్కర్లేదు. గది మాత్రం సంతలా ఉంటుంది, పక్క క్లాసువాళ్లు ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు చేస్తారు. దానికి మీ దగ్గర ఉపాయముంటే చెప్పండి.