అటానమస్ కాలేజీలో వచ్చిన 9.1కి గర్వపడకూడదా?

నందివర్ధనం:
బీటెక్ ఈసీఈ అయిపోయింది. సీజీపీఏ పదికి 9.1, నాలుగేళ్లలో ఒక్క సబ్జెక్టూ పోలేదు. మా నాన్న లారీ ఆఫీసులో గుమాస్తా. మెమో ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నారు. గంట తిరక్కుండానే ఫ్యామిలీ గ్రూపులో బాబాయి, "అటానమస్సే కదమ్మా, పేపరూ కాలేజీదే, దిద్దేదీ కాలేజీవాళ్లే" అన్నాడు. నాన్న ఏమీ అనకుండా స్టేటస్ తీసేశారు. మీరే చెప్పండి, దీనికి గర్వపడొచ్చా?

సప్లీ వీరుడు:
బాబాయి అన్న తీరు తప్పు, మాట తప్పు కాదు. మాది అఫిలియేటెడ్ కాలేజీ. పేపరు యూనివర్సిటీ నుంచి వచ్చేది, ఎవరు దిద్దారో కూడా తెలిసేది కాదు. రెండు సప్లీలు రాసి 7.2తో బయటపడ్డాను. ఎదురు రోడ్డులో అటానమస్‌లో చదివిన మా ఫ్రెండుకి 8.8. ఇద్దరం ఒకే కంపెనీలో ఒకే రోజు చేరాం. టెన్త్ నుంచీ 60 శాతం దాటిందా అని చూశారు, అంతే.

చాక్‌పీస్ మాస్టారు:
రెండు రకాల కాలేజీల్లోనూ పాఠం చెప్పినవాణ్ణి. అటానమస్‌లో ప్రశ్నలు కాస్త ఊహించేలా ఉంటాయి, దాచడమెందుకు? కానీ కాలేజీలోనే వేసే ఇంటర్నల్ మార్కుల్లో చేయి విదల్చడం అన్నిచోట్లా ఉంది. ఇంతకీ గ్రేడు అనేదే మోటు కొలత. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 రూల్స్ (ఆర్18)లో 70 వచ్చినా 79 వచ్చినా 8 పాయింట్లే. పర్సెంటేజీకి సీజీపీఏలో 0.5 తీసి పదితో హెచ్చిస్తారు. కాకినాడ జేఎన్‌టీయూ పాత రూల్స్‌లో తీసేది 0.75. అంటే 9.1 హైదరాబాద్‌లో 86 శాతం, కాకినాడలో 83.5. పిల్ల ఒకతే! అదే ఆర్18లో డిస్టింక్షన్ కావాలంటే 8 దాటితే చాలదు, అన్ని సబ్జెక్టులూ మొదటిసారికే పాసవ్వాలి. ఒక్క సప్లీ ఉన్నా ఫస్ట్ క్లాసే. ఎనిమిది సెమిస్టర్లు ఒక్కటీ జారకుండా నడవడం, పేపరు ఎవరిదైనా, తేలిక కాదమ్మా. నేనైతే నీ 9.1 కన్నా దానికే దణ్ణం పెడతాను.

సప్లీ వీరుడు:
మాస్టారూ, నా సప్లీల కథ మళ్లీ కెలికారు. సరే, జారకపోవడం గొప్పే, ఒప్పుకుంటా. అయినా అందరికీ ఒకే పేపరు ఉన్నచోట తేల్చుకోవాలి. ఎంటెక్ సీట్లకి పెట్టే గేట్ పరీక్ష రాశావా చెల్లెమ్మా?

నందివర్ధనం:
రాశాను అన్నయ్యా. క్వాలిఫై అయ్యాను, చెప్పుకునే ర్యాంకు మాత్రం కాదు. బాబాయి మాటలో కొంత నిజం ఉందని నాకూ తెలుసు. ఆ నిజం నాకు ఫోన్ చేసి చెప్పొచ్చుగా, నాన్న ముందు ఎందుకు?

గోంగూర పచ్చడి:
మీ బాబాయి పిల్లలకి ఎంతొచ్చిందో అది చెప్పు ముందు 😀

నందివర్ధనం:
అది వద్దులెండి. మాస్టారి మెసేజ్ నాన్నకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. మళ్లీ స్టేటస్ పెట్టమంటే, "ఒరిజినల్స్ రానీ, అప్పుడు పెడతా" అన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి వస్తేగానీ ఇవ్వమని కాలేజీలో అంటున్నారు.