ఊళ్లో ఒకాయన ఐపీ పెట్టాడంటున్నారు. కోర్టు రికార్డు ఎక్కడ చూడాలి, ఎలా చదవాలి?

ప్రశ్న: పెదరావి చెట్టు

బాపట్లలో ఎరువుల కొట్టు నడిపే ఒకాయన ఐపీ పెట్టాడని ఊరంతా అనుకుంటున్నారు. ఆయన దగ్గర నుంచి నాకు ప్రాంసరీ నోటు మీద 4 లక్షలు రావాలి. నోటు రాసి రెండేళ్లు దాటింది. కోర్టు నుంచి నాకు ఏ కాగితమూ రాలేదు. ఆయన నిజంగా వేశాడో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చా? ఏ కోర్టు కింద వెతకాలి? కేసు దొరికితే అది ఏ దశలో ఉందో ఎలా తెలుస్తుంది? ఐపీ పడ్డాక ఇక దావా వేయకూడదంటున్నారు, అది నిజమేనా?

జవాబు: కచేరీ సావిడి

ముందు ఏ చట్టమో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. మనవాళ్లు ఐపీ అనేది ఇన్సాల్వెన్సీ పిటిషన్‌ని, అంటే అప్పులు తీర్చలేనని, దివాలాదారుగా ప్రకటించమని కోర్టులో వేసే అర్జీని. వ్యక్తులకూ, సొంత పేరుతో నడిచే కొట్లకూ, భాగస్వామ్య సంస్థలకూ ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే వర్తిస్తోంది. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, అందులో వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే అమలు చేశారు. అందుకని ఎరువుల కొట్టాయన కేసు ట్రిబ్యునల్‌లో దొరకదు. సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఉంటుంది. అప్పున్నవాడు మామూలుగా ఎక్కడ కాపురం ఉంటాడో, ఎక్కడ వ్యాపారం చేస్తాడో ఆ పరిధిలోని కోర్టులోనే వేయాలి. కొట్టు బాపట్లలో, ఇల్లు చీరాలలో అయితే రెండు చోట్లా చూడాలి.

కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైటుకి వెళ్లి రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకోండి. చాలామంది తడబడేది ఇక్కడే. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయినా ఈ సైటులో కోర్టులు పాత ఉమ్మడి జిల్లాల కింద ఉంటాయి. బాపట్ల కోర్టును గుంటూరు కింద, చీరాల కోర్టును ప్రకాశం కింద వెతకాలి. తెలంగాణలో అలా కాదు, 2022 జూన్‌లో న్యాయ జిల్లాలను కూడా 33 చేశారు. అక్కడ పాత జిల్లా కింద కనబడని కేసును కొత్త జిల్లా కింద చూడాలి.

పేరుతో వెతకడం అందరూ చేసేదే కానీ నమ్మదగింది కాదు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు. వెంకటేశ్వర్లు అన్న ఒక్క పేరే నాలుగు రకాల స్పెల్లింగులతో ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరంగా ఉంటుంది. పేరంతా కొట్టకుండా అన్ని స్పెల్లింగుల్లోనూ మారని నాలుగైదు అక్షరాలే కొట్టండి. మీ సొంత పేరుతో వెతికి ‘లేదు’ అని వస్తే నిశ్చింతగా ఉండకండి. నలభై మంది అప్పిచ్చినవాళ్లున్న ఐపీలో మొదటి ప్రతివాది పేరొకటి ఎక్కించి మిగతావాళ్లను ఇతరులు అని వదిలేయడం మామూలే.

దీనికంటే గట్టి దారి ఒకటుంది. కేసు రకంతో వెతికే ట్యాబ్‌లోకి వెళ్లి ఐపీ అన్న రకం ఎంచుకోండి, సంవత్సరం వేయండి. పెండింగ్‌వి ఒకసారి, ముగిసినవి ఒకసారి చూడండి. ఆ కోర్టులో ఆ ఏడాది పడ్డ ఐపీలన్నీ వరుసగా వస్తాయి. తాలూకా స్థాయి కోర్టులో ఆ జాబితా అంత పొడవుండదు, కళ్లతోనే చదివేయొచ్చు. ఈ ఏడాదితోపాటు పోయిన ఏడాదీ చూడండి. కేసు కనబడగానే ఆ కేసుకు మాత్రమే ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసుకోండి. దాని చివరి నాలుగు అంకెలు కేసు సంవత్సరం. తర్వాత ఆ ఒక్క నంబరుతో ఫోన్ యాప్‌లో కూడా వాయిదాలు చూసుకోవచ్చు.

దాఖలైన మొదటి రోజుల్లో కేసుకు ఫైలింగ్ నంబరే ఉంటుంది. ఆఫీసు అభ్యంతరాలు తీరాక గానీ ఐపీ నంబరు పడదు. అందువల్ల ఇవాళ కనబడకపోతే పది రోజులాగి మళ్లీ చూడండి.

జవాబు: నల్లకోటు నాగావళి

పైన చెప్పిన దారిలో కేసు దొరుకుతుంది. దాన్ని చదవడంలోనే అసలు పొరపాట్లు జరుగుతాయి. ఐపీ ‘పెట్టడం’, ఐపీ ‘రావడం’ రెండూ ఒకటి కావు. ఊళ్లో రెండింటినీ కలిపేస్తారు. అప్పు ఎగ్గొట్టాలనుకునేవాడికి కావలసిందీ ఆ గందరగోళమే.

పిటిషన్ పడ్డాక కేసు పేజీలో వాయిదాల చరిత్ర చూడండి. ‘నోటీస్’, ‘స్టెప్స్’ అని ఉంటే ప్రతివాదులకు ఇంకా నోటీసులు అందలేదని అర్థం. బత్తా (నోటీసు పంపే ఖర్చు) కట్టక, తప్పు చిరునామాలిచ్చి నెలల తరబడి ఇక్కడే సాగదీసేవాళ్లుంటారు. ఆ తర్వాత నోటీసు పేపర్లో ప్రకటనగా వేయిస్తారు. అందుకే తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో కోర్టు ప్రకటనలు చూస్తూ ఉండాలి. ‘కౌంటర్’ అంటే మీ అభ్యంతరం రాసివ్వాల్సిన దశ. ‘ఎంక్వయిరీ’ అంటే సాక్ష్యం నడుస్తోంది. ఈ మూడు దశల్లోనూ ఆయన ఇంకా దివాలాదారు కాడు.

కోర్టు ఆయన్ని దివాలాదారుగా ప్రకటిస్తూ ఇచ్చే ఉత్తర్వును అడ్జుడికేషన్ అంటారు, చట్టంలో 27వ సెక్షన్. 28వ సెక్షన్ ప్రకారం కోర్టు అనుమతి లేకుండా కొత్త దావా వేయరాదన్న అడ్డు ఈ ఉత్తర్వు తర్వాతే వస్తుంది. పిటిషన్ పెండింగ్‌లో ఉందన్న ఒక్క కారణంతో మీ దావా ఆగదు. ప్రాంసరీ నోటుకు గడువు మూడేళ్లు. మీ నోటుకు రెండేళ్లు దాటింది కాబట్టి ఐపీ తేలేదాకా చూద్దామని కూర్చోకండి. ఐపీ పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన ఆ మూడేళ్ల లెక్క ఆగదు. ఐపీ రెండేళ్లు నడిచి డిస్మిస్ అయితే మీ నోటు ఈలోపే కాలదోషం పట్టి ఉంటుంది. చాలామంది డబ్బు పోయేది ఇలాగే. ఐపీ వల్ల పోయిందనుకుంటారు గానీ పోయేది గడువు దాటడం వల్ల.

దావా వేసినంత మాత్రాన డబ్బు మీ ఒక్కరికే వస్తుందని కూడా అనుకోవద్దు. డిక్రీ వచ్చి అమలు పిటిషన్‌లో ఆస్తి వేలం వేసినా, ఐపీ కోర్టులో అడ్మిట్ అయిన (విచారణకు తీసుకున్న) తేదీకి ముందు వసూలైన సొమ్ము మీదే మీకు హక్కు. అడ్జుడికేషన్ అయితే ఆ తర్వాత వచ్చింది అందరి వాటాలో కలుస్తుంది. కాబట్టి కేసు పేజీలో దాఖలు తేదీ, అడ్మిషన్ తేదీ రెండూ విడివిడిగా రాసుకోండి.

ముగిసిన కేసులో ఏ రకంగా ముగిసిందో చూడాలి. డిఫాల్ట్ కింద డిస్మిస్ అని ఉంటే ఆయన వాయిదాలకు రాలేదని అర్థం, అప్పు యథాతథం. అనుమతించారని ఉంటే పీడీఎఫ్ తెరిచి చివరి పేరా చదవండి. డిశ్చార్జికి, అంటే అప్పుల నుంచి విడుదల అడగడానికి, ఎంత గడువిచ్చారో అందులో ఉంటుంది. ఆ గడువులో ఆయన డిశ్చార్జి అడగకపోతే 43వ సెక్షన్ కింద అడ్జుడికేషన్ రద్దవుతుంది. అడ్జుడికేషన్‌తో అప్పు తీరిపోయినట్టు కాదు. విడుదల డిశ్చార్జితోనే. అదీ పూర్తిగా దొరకాలంటే, ఆస్తి విలువ తాకట్టు లేని అప్పుల్లో సగానికి, చట్టం భాషలో రూపాయికి ఎనిమిది అణాలకు, తగ్గకూడదు. తగ్గితే అది తన తప్పు కాని కారణాల వల్లేనని ఆయన కోర్టును ఒప్పించాలి. డిశ్చార్జి వచ్చినా మోసంతో చేసిన అప్పు పోదు. మీ నోటుకు జామీను సంతకం పెట్టినవాడుంటే అతనూ బయటపడడు.

చెక్కు కూడా ఇచ్చి ఉంటే దాన్ని ఐపీతో ముడిపెట్టకండి. బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసివ్వాలి. అది అందిన 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కంప్లయింటు వేయాలి.

పెదరావి చెట్టు

కేసు రకంతో వెతికితే దొరికిందండి. ‘స్టెప్స్’ దగ్గరే ఉంది. పీడీఎఫ్‌లు ఏమీ లేవు. అప్పుల జాబితాలో నా పేరుందో లేదో ఎలా చూడాలి? రోడ్డు పక్క స్థలం కిందటేడు బావమరిది పేరున రాశాడంటున్నారు. ఆయనకు ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కూడా ఉంది, అదీ ఈ ఐపీలోకే వస్తుందా?

జవాబు: కచేరీ సావిడి

ఆన్‌లైన్‌లో ఉత్తర్వులే ఉంటాయి, పిటిషన్ ఉండదు. అప్పుల షెడ్యూలు, ఆస్తుల షెడ్యూలు పిటిషన్ చివర జతచేస్తారు. మీరు ప్రతివాది అయితే నోటీసుతో నకలు రావాలి. లేదంటే మీ వకీలు వకాలత్ వేసి నకలుకు కాపీ అప్లికేషన్ పెడతాడు. జాబితాలో లేకపోతే మూడో మనిషిగా ఎందుకు కావాలో అఫిడవిట్‌లో రాసి, జడ్జి అనుమతితో తీసుకోవాలి. నోటు జిరాక్సు జతచేస్తే మీ ఆసక్తి ఏమిటో కోర్టుకు వెంటనే తెలుస్తుంది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కాలం వృథా చేసుకోకండి. కోర్టు రికార్డుల నకళ్లు కోర్టు నియమాల ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

షెడ్యూలు చేతికొచ్చాక దాన్ని పైనుంచి కింద దాకా అనుమానంతో చదవండి. బంధువుల పేర్ల మీద గుండ్రటి అంకెల అప్పులు, నోటు తేదీ లేని అప్పులు, తలుపు నంబరు లేని చిరునామాలు గుర్తుపెట్టుకోండి. కౌంటర్లో అడగాల్సినవి అవే.

జవాబు: తుంగభద్ర తీరం

స్థలం సంగతి. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయండి. 1983 నుంచి ఉన్న లావాదేవీలు ఆన్‌లైన్‌లో వస్తాయి. పొలమైతే భూమి రికార్డుల సైటు మీభూమిలో 1బి, అడంగల్ చూడండి. తెలంగాణలో అయితే ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చూడాలి. దస్తావేజు తేదీని ఐపీ దాఖలు తేదీ పక్కన పెట్టి లెక్కించండి. ఐపీకి ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా, సదుద్దేశం లేకుండా రాసిచ్చిన ఆస్తిని 53వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. అప్పిచ్చినవాళ్లలో ఒకరికే మేలు జరగాలని ముట్టజెప్పిన దానికి 54వ సెక్షన్, అక్కడ గడువు మూడు నెలలే. కిందటేడు దస్తావేజు కాబట్టి మొదటిది సరిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆస్తి దాచాడన్న కారణం చూపి ఐపీని మొదట్లోనే కొట్టేయించడం కష్టం. ఆ దశలో అప్పు తీర్చలేని స్థితి పైపైన కనబడితే కోర్టుకు చాలు. దాచిన ఆస్తి విషయం అడ్జుడికేషన్ తర్వాత రిసీవర్ (ఆస్తులు చూసుకోడానికి కోర్టు పెట్టే మనిషి) తేల్చాలి. రిసీవర్ కదలకపోతే అప్పిచ్చినవాడే కోర్టు అనుమతితో వేయవచ్చు, కానీ 54ఏ సెక్షన్ ప్రకారం ముందు తన అప్పును రుజువు చేసుకుని ఉండాలి, రిసీవర్‌ని అడిగినా కాదన్నాడని చూపాలి. అందుకని అడ్జుడికేషన్ వచ్చిన వెంటనే అప్పు వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయండి. రిసీవర్‌కి రాసే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులోనే పంపండి, రసీదు దాచండి.

కంపెనీ వేరు, మనిషి వేరు. కంపెనీ ఈ ఐపీలోకి రాదు, అందులో ఆయనకున్న వాటాలు మాత్రం ఆస్తుల షెడ్యూల్లో ఉండాలి. కంపెనీ దివాలా కేసులు ఎన్సీఎల్టీ (కంపెనీల ట్రిబ్యునల్) అమరావతి బెంచిలో, తెలంగాణవి హైదరాబాద్ బెంచిలో. ట్రిబ్యునల్ సైటులో పార్టీ పేరుతో వెతకవచ్చు. కేసు నంబరు మధ్యలో 7 ఉంటే బ్యాంకులాంటి ఆర్థిక రుణదాత వేసింది, 9 అయితే సరుకో సేవో ఇచ్చినవాడు వేసింది, 10 అయితే కంపెనీయే వేసుకుంది. 2020 మార్చి 24 నుంచి కోటి రూపాయల బాకీ ఉంటేనే ఈ పిటిషన్లు తీసుకుంటారు. రోజువారీ జాబితాలో పేరు కనబడినంత మాత్రాన కంపెనీ దివాలా తీసినట్టు కాదు, అడ్మిట్ అయిన ఉత్తర్వు ఉండాలి. అది వచ్చిందా లేదా అన్నది దివాలా బోర్డు, అంటే ఐబీబీఐ, సైటులో బహిరంగ ప్రకటనల జాబితాలో తెలుస్తుంది. అక్కడ ఫారం ఏ (ఆ ప్రకటన పత్రం) ఉంటే క్లెయిముకు చివరి తేదీ అందులోనే రాసి ఉంటుంది, మామూలుగా కంపెనీ వ్యవహారాలు చూసే తాత్కాలిక (ఇంటెరిమ్) రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ని నియమించిన నాటి నుంచి 14 రోజులు.

మీ నోటు మీద ఆయన సొంతంగా సంతకం చేశాడా, కంపెనీ ముద్ర వేసి డైరెక్టరుగా చేశాడా చూసుకోండి. ముద్ర ఉంటే మీకు బాకీ ఉన్నది కంపెనీ అవుతుంది, దావా కాగితంలో ప్రతివాది పేరు మారుతుంది. దావా ముసాయిదా రాయించే ముందే నోటు అసలు కాగితం వకీలుకి చూపించండి.