మూసేసిన ఫిర్యాదును మళ్లీ తెరిపించడం ఎలా?

ప్రశ్న (నెల్లూరు గృహిణి):

మా ఇంటిని ఆనుకుని నలభై అంకణాల ఖాళీ స్థలం ఉంది. యజమాని ఊళ్లో ఉండడు, స్థలమంతా చిల్లచెట్లు. రాత్రి తొమ్మిది దాటితే నాలుగైదు బండ్లు వచ్చి ఆగుతాయి. తాగుడు, బూతులు, కారు తలుపులు తెరిచి పన్నెండు దాకా పాటలు. మా వారు ఒకసారి వెళ్లి వద్దని చెబితే "ఈ స్థలం నీదా?" అన్నారు. మర్నాడు మా గేటు ముందు రెండు సీసాలు పగిలి ఉన్నాయి.

పొద్దున్నే ముగ్గు వేయడానికి ముందు గాజుపెంకులు ఏరడం నా పని. చీపురుకు పెద్దవే వస్తాయి, సన్నవాటిని తడిగుడ్డతో అద్ది తీయాలి. అంత జాగ్రత్తగా తీస్తున్నా గత నెలలో మా అత్తగారి మడమలో ఒకటి దిగింది. ఆమెకు చక్కెర జబ్బు. పుండు మానడానికి ఇరవై రోజులు పట్టింది. కట్టు మార్చిన ప్రతిసారీ నాకు కడుపు రగిలిపోయింది.

నాలుగు నెలల్లో మూడుసార్లు ఫిర్యాదు చేశాను. రెండుసార్లు స్టేషనులో, ఒకసారి కలెక్టరేటులో సోమవారం అర్జీగా. గస్తీ బండి వస్తే వాళ్లు వెళ్లిపోతారు, అరగంటకు మళ్లీ చేరతారు. చివరికి నా ఫోనుకు "మీ అర్జీ పరిష్కరించబడింది" అని సందేశం వచ్చింది. అది చదువుతున్నప్పుడు కూడా పక్కన పాట మోగుతూనే ఉంది. పరిష్కారం కాలేదని ఎవరికి చెప్పాలి? మళ్లీ కొత్త అర్జీ పెట్టాలా?

జవాబు 1 (ఒంగోలు, రెవెన్యూ శాఖ విశ్రాంత ఉద్యోగి):

అమ్మా, కొత్తది పెట్టవద్దు. కొత్తది పెడితే అదే మొదటి ఫిర్యాదు అవుతుంది, పాత మూడూ లెక్కలోకి రావు. ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పాత అర్జీని తిరిగి తెరిపించుకునే వీలుంది. ముందు ఆ వేదిక ఫోను నంబరు 1100కు చేసి అర్జీ నంబరు చెప్పి, ఏమని రాసి మూశారో అడగండి. "వెళ్లి చూశాం, ఎవరూ లేరు" అని రాసి ఉంటే, ఏ వేళకు వెళ్లారో కూడా కనుక్కోండి. మీ జవాబు ఆ మాటకు సూటిగా తగలాలి: ఏ తేదీ, ఎన్ని గంటలు, ఎన్ని బండ్లు. దాన్ని సోమవారం కలెక్టరేటులో స్వయంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నకలు ఎస్పీ కార్యాలయంలో కూడా ఇవ్వండి.

ఇంకొక దారి ఆర్డీవో. పాత నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీలో 133గా ఉన్న సెక్షను 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152 అయింది. నలుగురూ నడిచే చోట ఇబ్బంది కలిగితే దాన్ని తొలగించమని, లేదా వచ్చి సంజాయిషీ చెప్పుకోమని ఆర్డీవో షరతుతో ఉత్తర్వు ఇవ్వవచ్చు. గాజుపెంకులు వీధిలోకి వస్తున్నాయి కదా, ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి. చిల్లచెట్ల గురించి కార్పొరేషనుకు వేరే కాగితం పెట్టండి. అన్నీ ఒకే అర్జీలో కలిపితే ఒక శాఖ ఇంకో శాఖను చూపిస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లు ఆ కాగితాల మధ్యే బతికాను కాబట్టి చెబుతున్నాను.

ఒంటి సంతకంతో మాత్రం వెళ్లకండి.

జవాబు 2 (కావలి అమ్మాయి, ప్రస్తుతం ఇంగ్లండు):

అక్కా, ఇక్కడ సరిగ్గా దీనికోసమే, ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టే ప్రవర్తనపై వచ్చిన 2014 చట్టంలో ఒక హక్కు పెట్టారు. ఆరు నెలల్లో మూడు ఫిర్యాదులు చేసినా ఫలితం లేకపోతే, మొత్తం వ్యవహారాన్ని సమీక్షించమని బాధితులు అడగవచ్చు. వారి అనుమతితో ఇంకొకరైనా అడగవచ్చు. అప్పుడు కౌన్సిలు, పోలీసులు, ఆరోగ్య సంస్థ, ఇళ్ల సంస్థ కలిసి ఎవరు ఏం చేశారో చూడాలి, చేయాల్సింది సూచించవచ్చు. ఘటన జరిగిన నెల రోజుల లోపు చేసిన ఫిర్యాదులే లెక్కకు వస్తాయి.

మా పై అంతస్తు గోల మీద నేను అడిగాను. అప్పుడు అక్కరకు వచ్చినవి మూడు ఫిర్యాదు నంబర్లు, తేదీలు రాసుకున్న ఒక నోటుపుస్తకం. మన దగ్గర ఆ చట్టం లేకపోయినా ఆ పుస్తకం ఈ రాత్రే మొదలుపెట్టండి.

జవాబు 3 (నెల్లూరు):

రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లపై 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆంక్షలున్నాయి. గోల మొదలవగానే 112కు చెప్పి సమయం రాసుకోండి. స్టేషనులో ఇచ్చిన ఫిర్యాదులపై ఏ చర్య తీసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, నంబరు 15100.

ప్రశ్న అడిగినవారు:

అయ్యా, 1100కు ఫోను చేశాను. మీరన్నట్టే "ఎవరూ కనిపించలేదు" అని రాశారట. వెళ్లింది పగలు పదకొండున్నరకు! సాయంత్రం వీధిలో తొమ్మిది ఇళ్లు తిరిగితే ఏడు సంతకాలు వచ్చాయి. ఒకాయన భయపడ్డారు. ఆయన ఇల్లు స్థలానికి మరీ దగ్గర, నేను బలవంతం చేయలేదు.

ఇంకొక సంగతి. మా అత్తగారు పాల లెక్కకు క్యాలెండరు మీద గీతలు పెడతారు. గోలకు నిద్రపట్టని రాత్రులకు పక్కనే చిన్న సున్నా చుట్టారట. ఈ రోజే నాకు చూపించారు. లెక్కపెడితే ముప్ఫై ఏడు. దాన్ని అర్జీకి జత చేయవచ్చా?

జవాబు 1:

తప్పకుండా చేయండి అమ్మా. అసలు మీ దగ్గరే ఉంచుకోండి. ప్రతి నెల కాగితానికీ నకలు తీసి, దాని మీద మీ అత్తగారి చేత సంతకం పెట్టించండి.