‘మంచి గతమున కొంచెమేనోయ్’: గురజాడ గేయంలో మనం దాటేసే చరణం

ప్రశ్న: ‘దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్’ అన్నారు కాబట్టి గురజాడను కూడా ఠాగూర్‌లా జాతీయవాదాన్ని కాదన్నవారి కింద లెక్కేయొచ్చా?

జవాబు: లెక్కేయలేమండి. ఆ రెండు పాదాలే పట్టుకుంటే అలా అనిపిస్తుంది గానీ, గేయమంతా చదవండి. కళలన్నీ నేర్చుకుని ‘దేశి సరుకులు నించవోయ్’ అంటారు. వాటిని అన్ని దేశాల్లో అమ్మాలంటారు. డబ్బు తేలేనివాళ్లకు కీర్తి కూడా దక్కదని మొహమాటం లేకుండా చెబుతారు. దేశం ఎదగాలన్న తపన ఆయనకు నిండా ఉంది. ‘నేషన్’ అనే ఏర్పాటునే తప్పుపడుతూ 1916లో జపాన్‌లోనూ అమెరికాలోనూ ఉపన్యాసాలిచ్చిన ఠాగూర్ దారి వేరు.

అలాగని గురజాడ విమర్శ మెత్తనిదేమీ కాదు. నాకు అన్నిటికన్నా పదునుగా తోచేది ఈ చరణం:

వెనక చూసిన కార్యమేమోయ్
మంచి గతమున కొంచెమేనోయ్
మందగించక ముందు అడుగేయి
వెనుకపడితే వెనకెనోయ్

ఈ గేయం 1913లో కృష్ణాపత్రికలో వచ్చింది. 1907లో బిపిన్ చంద్రపాల్ మన కోస్తా ఊళ్లు తిరిగి ఉపన్యాసాలిచ్చాక వందేమాతరం ఊపు ఇక్కడా బాగా అందుకుంది. పూర్వవైభవం తలుచుకుని పొంగిపోవడమే దేశభక్తిగా చాలామందికి తోచే కాలంలో, గతంలో మంచి ‘కొంచెమే’ అనడానికి ఎంత ధైర్యం కావాలి! అసలు లేదనలేదు, గమనించండి. ఆ ‘కొంచెమే’ ఎక్కడిదో కన్యాశుల్కం చదివినవాళ్లకు తెలుసు. పసిపిల్లల్ని ముసలివాళ్లకు అమ్మడం కూడా ఆచారం పేరుతోనే సాగింది కదా.

మరొకరు: మరి ‘దేశాభిమానం నాకు కద్దని వొట్టి గొప్పలు చెప్పుకోకోయ్’ అన్నది స్వదేశీ ఉద్యమాన్ని తిట్టడమేనా?

జవాబు: కాదండి. ‘పూని యేదైనాను వొక మేల్ కూర్చి జనులకు చూపవోయ్’ అన్న తర్వాతి పాదాలతో కలిపి చదవాలి. ఎవరి అభిమానమైనా జనానికి జరిగిన మేలుతోనే తేలాలంటున్నారు. ఠాగూర్‌తో పోలిక తేవాలంటే ఇక్కడ తేవచ్చు. ఆయన నవల ‘ఘరే బాయిరే’లో జమీందారు నిఖిల్ తానుగా దేశీ వస్తువులే వాడతాడు. అయినా తన సంతలో విదేశీ బట్టను బలవంతంగా ఆపించడు, ఆపిస్తే దెబ్బ తినేది దాన్ని అమ్ముకు బతికే పేదవాడు కాబట్టి. దానికే కుర్రాళ్లు అతన్ని దేశం మీద ప్రేమ లేనివాడని నిందిస్తారు. గురజాడ అడిగిన ‘మేల్’ చేసి చూపినవాడు ఆ నిఖిలేనని నేనంటాను.